మతిమరుపు వెనుక దాగిన దిగులు
అల్జీమర్స్ రోగి మెదడులో ఏమి జరుగుతుంది? మనమేమి చేయగలం?



ప్రతి సంవత్సరం సెప్టెంబరు 21వ తేదీని ప్రపంచ అల్జీమర్స్ దినంగా పాటిస్తారు. ఆ రోజున అందరూ మతిమరుపు గురించే మాట్లాడతారు. కాని ఈ జబ్బు ఉన్నవారిలో చాలామందిని మతిమరుపుతో సమానంగా, ఒక్కోసారి అంతకంటె ఎక్కువగా బాధించేది మరొకటి ఉంది. అది దిగులు. వైద్యులు దీనిని డిప్రెషన్ అంటారు. కుంగుబాటు అనే మాట కూడా వాడుకలో ఉంది.

పెద్దవారిని మా ఓ.పి.కి తీసుకువచ్చే కుటుంబీకులు మతిమరుపు సంగతి వివరంగా చెబుతారు. తాళం చెవులు ఎక్కడో పెట్టి మరచిపోవడం, అడిగినదే పదిసార్లు అడగడం, తెలిసిన వీధిలోనే దారి తప్పడం, ఇవన్నీ వరుసగా చెప్పుకొస్తారు. దిగులు సంగతి మాత్రం మేము అడిగితేగాని బయటకు రాదు. అడిగినప్పుడు వచ్చే జవాబులు తరచుగా ఇలా ఉంటాయి.

"వయసైపోయింది కదండీ, ఆ మాత్రం దిగులు ఉండదా?"

"మొండితనం డాక్టరుగారూ, పిలిచినా పలకరు."

"ఏమీ గుర్తుండని మనిషికి దిగులేమిటండీ?"

"ప్రార్థనకు రమ్మంటే రావడం లేదు. విశ్వాసం తగ్గిపోయింది."

ఈ నాలుగు మాటల్లో ఏదీ సరికాదు. అల్జీమర్స్ రోగికి వచ్చే దిగులు వయసువల్ల తప్పనిసరిగా వచ్చేది కాదు. అది మొండితనమూ కాదు, అవిశ్వాసమూ కాదు. మెదడులో కొన్ని భాగాల పని మందగించడంతో దానికి సంబంధం ఉంది. ఆ మార్పును వైద్యులు స్కాన్‌లలో చూడగలిగారు. మతిమరుపును పూర్తిగా నయం చేయగల మందు ఈనాటికీ లేదు. దిగులును మాత్రం చాలామందిలో తగ్గించవచ్చు. అందుకే దానిని గుర్తించకుండా వదిలివేయడం పెద్ద నష్టం.

ఎంతమందిలో ఉంటుంది?

మన దేశంలో 60 సంవత్సరాలు దాటినవారిలో నూటికి 7గురికి పైగా డిమెన్షియా, అంటే బుద్ధిశక్తులు క్రమంగా క్షీణించే జబ్బు, ఉన్నదని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. అంటే దాదాపు 88 లక్షల మంది. డిమెన్షియాకు కారణాలు అనేకం. వాటిలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్ వ్యాధి. ఈ వ్యాధిగ్రస్తులలో నూటికి 40 మంది దాకా ఏదో ఒక దశలో చెప్పుకోదగిన దిగులుకు గురవుతారని అంచనా. జబ్బు తొలి, మధ్య దశలలో ఇది ఎక్కువ.

దిగులు తోడైన రోగి త్వరగా ఇతరులమీద ఆధారపడతాడు. తనంతట తాను స్నానం చేయగలిగినవాడు కూడా మానివేస్తాడు. తిండి తగ్గిపోతుంది, నిద్ర చెడిపోతుంది. చూసుకునే భార్యకో, కోడలికో కూడా దిగులు పట్టుకొంటుంది.

అల్జీమర్స్ మెదడును ఎలా దెబ్బ తీస్తుంది?

జర్మనీ దేశపు వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో 51 సంవత్సరాల స్త్రీని పరీక్షించాడు. ఆమెకు మతిమరుపుతోపాటు అనుమానాలు, ఆందోళన కూడా ఉండేవి. 1906లో ఆమె మరణించిన తరువాత ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో పరిశీలించి, రెండు రకాల మార్పులను వర్ణించాడు. ఒకటి, కణాల మధ్య పేరుకొన్న ముద్దలు. రెండు, కణాల లోపల చిక్కుపడిన దారాలవంటి పోగులు. ముద్దలలో ఉండేది అమిలాయిడ్ అనే ప్రొటీన్, పోగులలో ఉండేది టౌ అనే ప్రొటీన్ అని తరువాత తెలిసింది.

జ్ఞాపకాల విషయంలో మొదటి దెబ్బ హిప్పోకాంపస్ మీద, దాని చుట్టుపక్కల పడుతుంది. మెదడు లోపలి వైపున, చెవుల సూటిలో రెండు పక్కలా ఉండే ఈ భాగమే కొత్త సంగతులను జ్ఞాపకంలో భద్రపరుస్తుంది. అందుకే రోగికి 50 ఏళ్ళనాటి పెళ్ళి సంగతులు గుర్తుంటాయి గాని, ఉదయం తిన్న ఇడ్లీ గుర్తుండదు. తరువాత జబ్బు మెదడు పక్క భాగాలకు, వెనుక పైభాగానికి పాకుతుంది. అప్పుడు మాటలు దొరకవు, దారులు తెలియవు. నుదుటి వెనుక ఉండే ముందు భాగం మాత్రం చాలామందిలో తొలి దశలో కొంతవరకు నిలిచి ఉంటుంది. ఈ విషయం గుర్తుంచుకోండి. దిగులు కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది.

మెదడు పనిని ఎలా చూస్తారు?

సాధారణ సి.టి., ఎం.ఆర్.ఐ. స్కాన్‌లు మెదడు ఆకారాన్ని చూపిస్తాయి. ఎక్కడ కుంచించుకుపోయింది, ఎక్కడ గడ్డ ఉంది, ఎక్కడ రక్తం గడ్డకట్టింది అన్నవి తెలుస్తాయి. మెదడు ఎంత చురుకుగా పని చేస్తున్నదో తెలుసుకోవాలంటే వేరే పరీక్షలు కావాలి.

మొదటిది ఇ.ఇ.జి. తలమీద చిన్న బిళ్ళలు అమర్చి, మెదడులోని విద్యుత్తు అలలను గీతలుగా నమోదు చేస్తారు. మెలకువగా, కళ్ళు మూసుకొని నెమ్మదిగా ఉన్న ఆరోగ్యవంతుని మెదడులో, ముఖ్యంగా వెనుక భాగంలో, సెకనుకు 8 నుండి 13 సార్లు ఎగసిపడే అలలు కనిపిస్తాయి. అల్జీమర్స్ ముదిరేకొద్దీ ఈ అలలు తగ్గి, వాటి స్థానంలో నెమ్మదైన అలలు పెరుగుతాయి. అయితే దిగులు కూడా ఉన్నదా లేదా అన్నది ఇ.ఇ.జి. ఒక్కదానితో తేల్చలేము.

రెండవది పెట్ స్కాన్. మన మెదడు బరువు శరీరం బరువులో నూటికి 2 వంతులే. కాని విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో దాదాపు 20 వంతులు మెదడే వాడుకొంటుంది. దానికి ముఖ్యమైన ఆహారం గ్లూకోజు. కొద్దిపాటి రేడియోధార్మికత కలిపిన గ్లూకోజువంటి పదార్థాన్ని నరంలోకి ఎక్కించి, మెదడులో ఏ భాగం ఎంత తీసుకొంటున్నదో పెట్ యంత్రం చిత్రంగా చూపిస్తుంది. రాత్రివేళ మేడ ఎక్కి ఊరంతా చూస్తే ఏ వీధిలో దీపాలు బాగా వెలుగుతున్నాయో, ఏ వీధిలో మసకబారాయో తెలుస్తుంది గదా. ఇదీ అటువంటిదే. స్పెక్ట్ అనే మరో స్కాన్ గ్లూకోజుకు బదులు రక్త ప్రసారాన్ని చూపిస్తుంది.

అల్జీమర్స్ రోగులకు పెట్ స్కాన్ చేస్తే మెదడు పక్క భాగాలు, వెనుక పైభాగం, లోపలి వెనుక భాగం మసకగా కనిపిస్తాయి. తొలి దశలో ముందు భాగం సాధారణంగా అంతగా మసకబారదు.

దిగులు తోడైనప్పుడు కనిపించే మార్పు

1998లో జపాన్ వైద్యులు అల్జీమర్స్ రోగులను రెండు గుంపులుగా చూసి, దిగులు ఉన్నవారి స్కాన్‌లను లేనివారి స్కాన్‌లతో పోల్చారు. దిగులు ఉన్నవారిలో మెదడు ముందు పైభాగంలోను, దానికి లోపలి వైపున ఉండే సింగ్యులేట్ అనే భాగపు ముందు వైపునా గ్లూకోజు వాడకం మరింత తగ్గినట్లు కనబడింది. 2005లో జర్మనీలోను, 2006లో దక్షిణ కొరియాలోను జరిగిన పరిశోధనలు కూడా ముందు భాగంవైపే వేలు చూపించాయి. సరిగ్గా ఏ మూల, కుడివైపా ఎడమవైపా అన్న విషయంలో మాత్రం ఈ ఫలితాలన్నీ ఒకేలా లేవు. పాత స్పెక్ట్ పరిశోధనలలో కొన్ని పక్క భాగాలలో కూడా తేడా ఉన్నదని చెప్పాయి.

మొత్తంమీద దీని అర్థం ఇది. మతిమరుపుకు సంబంధించిన వీధులలో దీపాలు ముందే మసకబారాయి. దిగులు కూడా ఉన్న రోగిలో, నిలిచి ఉండవలసిన ముందు వీధిలో కూడా వెలుగు తగ్గింది.

ఈ ముందు భాగం చేసే పని ఏమిటి? ఒక పనిని మొదలుపెట్టడం, ముందు వెనుకలు ఆలోచించడం, మంచి జరుగుతుందని ఎదురుచూడడం, పొంగుకొచ్చే భయాన్ని, బాధను అదుపులో ఉంచడం. మెదడు లోతుల్లో అమిగ్డలా అనే చిన్న భాగం భయాలను రేపుతుంటే, "ఏమీ కాదులే" అని ఇంటి పెద్దలా సర్దిచెప్పేది ఈ ముందు భాగమే. పెద్ద బలహీనపడితే ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోండి. చిన్న మాటకే కన్నీళ్ళు, కారణం లేని భయం, ఏ పనికీ చేతులు రాకపోవడం.

కాబట్టి మంచం దిగని పెద్దాయనను "బద్ధకం" అని కసరడం, కాలు విరిగినవానిని "నడవవేమి?" అని అడగడంవంటిదే.

ఇలా ఎందుకు జరుగుతుంది?

ఒక కారణం మెదడు రసాయనాలలో ఉంది. మెదడును వెన్నుపాముతో కలిపే కాడవంటి భాగంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న కణాల గుంపు ఉంది. లాటిన్ భాషలో ఆ పేరుకు నీలి చుక్క అని అర్థం. మెదడుకు నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాన్ని పంచిపెట్టేది ప్రధానంగా ఇదే. చురుకుదనానికి, మనోబలానికి ఈ రసాయనం అవసరం. టౌ పోగులు చాలా ముందుగా చేరే చోట్లలో ఈ నీలి చుక్క ఒకటి. దిగులుతో బాధపడి మరణించిన డిమెన్షియా రోగులలో ఇక్కడి కణాలు మరింత ఎక్కువగా నశించాయని 1988లో అమెరికా పరిశోధకులు చెప్పారు. తరువాత చూసినవారందరికీ ఆ తేడా కనబడలేదు. సెరటోనిన్ అనే మరొక రసాయనాన్ని తయారుచేసే కణాలు కూడా ఈ జబ్బులో దెబ్బతింటాయి.

రెండవ కారణం రోగి అనుభవంలో ఉంది. తొలి దశలో మనిషికి తన స్థితి తెలుస్తూనే ఉంటుంది. నిన్నటిదాకా ఊరి లెక్కలు రాసిన మనిషికి ఈ రోజు కూరగాయల లెక్క తేలదు. మనుమడి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. నలుగురిలో నవ్వులపాలు అవుతానని బయటకు రావడం మానేస్తాడు. ఈ బాధ కల్పితం కాదు.

మెదడులోని మార్పు, మనసులోని బాధ రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. ఇంతకుముందు జీవితంలో డిప్రెషన్ వచ్చినవారికి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. అంతేకాక డిప్రెషన్ ఉండడమే తరువాతి కాలంలో డిమెన్షియాకు దారితీసే ప్రమాద కారణాలలో ఒకటని లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన నివేదికలో పేర్కొంది.

ఎలా గుర్తించాలి?

మామూలుగా డిప్రెషన్ ఉన్నవారు "నాకు దిగులుగా ఉంది" అని చెప్పగలరు. అల్జీమర్స్ రోగికి మాటలు దొరకవు. పొద్దున ఏడ్చిన సంగతి సాయంత్రానికి గుర్తుండదు. "ఎలా ఉన్నారు?" అని డాక్టరు అడిగితే "బాగానే ఉన్నాను" అంటాడు. కాబట్టి ఇంట్లోవారే కళ్ళు తెరిచి గమనించాలి. రెండు వారాలలో ఈ క్రింది వాటిలో మూడు లేక అంతకంటె ఎక్కువ కొత్తగా కనిపిస్తే వైద్యునికి చెప్పండి. వాటిలో మొదటి రెండింటిలో ఒకటైనా ఉంటే అనుమానం బలపడుతుంది. ఇవి ప్రతి రోజూ కనిపించకపోవచ్చు, వస్తూ పోతూ ఉండవచ్చు.

1. ముఖం వాడిపోయి ఉండడం, తరచుగా కన్నీళ్ళు పెట్టుకోవడం.
2. ఇష్టమైన మనుషులు వచ్చినా, ఇష్టమైన పాట విన్నా సంతోషం కనబడకపోవడం.
3. నలుగురిలోకి రాకుండా గదిలోనే ఉండిపోవడం.
4. ఆకలి తగ్గడం, లేక పెరగడం.
5. నిద్రలో మార్పు, ముఖ్యంగా తెల్లవారుజామునే లేచి కూర్చోవడం.
6. కాళ్ళు చేతులు నిలపలేనంత ఆందోళన, లేక బొత్తిగా కదలిక తగ్గడం.
7. చీటికిమాటికి విసుగు, కోపం.
8. ఎప్పుడూ అలసట.
9. "నేను ఎందుకూ పనికిరాను", "మీకు భారమైపోయాను" అనే మాటలు.
10. "ఇంకా ఎందుకు బ్రతికున్నాను", "చచ్చిపోతే బాగుండును" అనే మాటలు.

పదవది ఒక్కసారి విన్నా ఆలస్యం చేయవద్దు. ఇంట్లో పురుగుమందులు, అన్ని రకాల మాత్రలు తాళం వేసి ఉంచండి. రోగిని ఒంటరిగా వదలవద్దు. ఆ రోజే వైద్యునివద్దకు తీసుకువెళ్ళండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు.

ఆస్పత్రిలో వైద్యులు కార్నెల్ ప్రశ్నావళి అనే పద్ధతిని వాడుతారు. 1988లో తయారైన దీనిలో 19 అంశాలు ఉన్నాయి. రోగిని, ఆయనను చూసుకొనే వ్యక్తిని ఇద్దరినీ అడిగి మార్కులు వేస్తారు. మీరు ఇంట్లో గమనించినది ఎంత ముఖ్యమో దీనినిబట్టి తెలుస్తుంది. పది రోజులపాటు తిండి, నిద్ర, ఏడుపు, కోపం గురించి ఒక నోటుపుస్తకంలో రెండేసి ముక్కలు రాసి తెస్తే మాకు ఎంతో సహాయం.

దిగులు వేరు, ఉదాసీనత వేరు

కొందరు రోగులు ఏ పనిమీదా ఆసక్తి లేకుండా గంటలకొద్దీ కూర్చుంటారు. ఏడవరు, బాధపడరు, ఆకలి నిద్ర బాగానే ఉంటాయి. ఇది దిగులు కాదు, ఉదాసీనత. 2005నాటి జర్మనీ పరిశోధనలో ఈ రెండింటికీ ముందు భాగంలోనే వేరువేరు చోట్ల పని తగ్గినట్లు కనబడింది. దిగులులో నుదుటి వెనుక పై పక్క భాగం, ఉదాసీనతలో కళ్ళ గూళ్ళకు పైన ఉండే అడుగు భాగం. రెండూ ఒకరిలోనే కలిసి ఉండవచ్చు. డిప్రెషన్ మందులు ఉదాసీనతను తగ్గించవు, అందుచేత ఈ తేడా చూడడం అవసరం.

మరొక చిక్కు కూడా ఉంది. అల్జీమర్స్ లేకుండా డిప్రెషన్ మాత్రమే ఉన్న పెద్దవారికి కూడా మతిమరుపు వస్తుంది. అటువంటివారు "నాకు ఏమీ గుర్తుండడం లేదు" అని పదేపదే చెప్పుకొని బాధపడతారు. ప్రశ్న అడిగితే ప్రయత్నించకుండానే "తెలియదు" అంటారు. అల్జీమర్స్ రోగి సాధారణంగా తన మతిమరుపును కప్పిపుచ్చుకోవాలని చూస్తాడు, ఏదో ఒక జవాబు చెబుతాడు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, రక్తహీనత, వినికిడి లోపం, ఎడతెగని నొప్పి, కొన్ని మందులు కూడా దిగులును పోలిన లక్షణాలను కలిగిస్తాయి. అందుచేత రక్త పరీక్షలు చేయించి, వాడుతున్న మందులన్నీ తెచ్చి చూపించాలి. హఠాత్తుగా రెండు మూడు రోజుల్లో మనిషి మారిపోతే అది దిగులు కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు, లవణాలు తగ్గడంవంటివి కారణం కావచ్చు. వెంటనే చూపించండి.

మందుల సంగతి

ఇక్కడ ఉన్న మాట ఉన్నట్లు చెప్పాలి. డిప్రెషన్‌కు వాడే సెర్ట్రలిన్ అనే మందు అల్జీమర్స్ రోగులకు ఉపయోగపడుతుందని 2003లో అమెరికాలో జరిగిన చిన్న పరిశోధనలో తేలింది. కాని 2010లో అక్కడే ఎక్కువమందితో చేసిన పరిశోధనలో ఉత్తుత్తి మాత్రకంటె అది మెరుగని రుజువు కాలేదు. 2011లో బ్రిటన్‌లో 326 మందిపై జరిగిన మరో పెద్ద పరిశోధనలో సెర్ట్రలిన్, మిర్టజపిన్ అనే రెండు మందులనూ ఉత్తుత్తి మాత్రతో పోల్చారు. 13 వారాలకు మూడు గుంపులలోను దిగులు తగ్గింది. మందులవల్ల అదనపు లాభం కనబడలేదు, దుష్ఫలితాలు మాత్రం ఎక్కువయ్యాయి.

ఎందుకిలా? సాధారణ డిప్రెషన్‌లో ఈ మందులు మెదడు కణాల మధ్య రసాయనాన్ని పెంచి పని చేస్తాయి. అల్జీమర్స్‌లో ఆ కణాలు, వాటి మధ్య దారులే దెబ్బతిని ఉంటాయి. అందువల్ల మందుకు పట్టు తక్కువ కావచ్చని పరిశోధకులు భావిస్తున్నారు.

అంటే మందులు ఎవరికీ వద్దని కాదు. దిగులు తీవ్రంగా ఉన్నా, తిండి మానివేసినా, చావు మాటలు వస్తున్నా, పూర్వం డిప్రెషన్ వచ్చి మందుతో తగ్గి ఉన్నా వైద్యులు జాగ్రత్తగా మందు మొదలుపెడతారు. ఫలితం తెలియడానికి 4 నుండి 6 వారాలు పట్టవచ్చు. రక్తంలో సోడియం తగ్గడం, తూలి పడడంవంటివి గమనించాలి. వైద్యుని అడగకుండా హఠాత్తుగా ఆపవద్దు.

మందుల దుకాణంలో అడిగి నిద్రమాత్రలు వేయవద్దు. అల్ప్రజోలం, డయజిపాంవంటివి మతిమరుపును, అయోమయాన్ని పెంచుతాయి, పడిపోయి తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. అమిట్రిప్టిలిన్‌వంటి పాత డిప్రెషన్ మందులు జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకొంటాయి. అల్జీమర్స్‌లో ఇప్పటికే తగ్గిపోయినది ఆ రసాయనమే.

ఇంట్లో చేయగల వైద్యం

బ్రిటన్ పరిశోధనలో ఉత్తుత్తి మాత్ర తీసుకొన్నవారికి కూడా దిగులు తగ్గిందని చెప్పాము. దానికి అనేక కారణాలు ఉండవచ్చు. క్రమం తప్పకుండా ఎవరో ఒకరు పలకరించడం, పట్టించుకోవడం వాటిలో ఒకటి కావచ్చు. అమెరికాలోని సియాటిల్ నగరంలో 1997లో జరిగిన పరిశోధన దీనిని బలపరుస్తుంది. రోగికి ఇష్టమైన చిన్నచిన్న పనులను ప్రతి రోజూ చేయించడం, కష్టం వచ్చినప్పుడు దానిని ఎలా ఎదుర్కోవాలో ఆలోచించడం, ఈ రెండింటినీ కుటుంబీకులకు నేర్పారు. రోగులకే కాక, చూసుకొనేవారికి కూడా దిగులు తగ్గింది. 2003లో అక్కడే వ్యాయామం కూడా చేర్చినప్పుడు రోగుల ఆరోగ్యం, మనోస్థితి రెండూ మెరుగుపడ్డాయి.

మన ఇళ్ళలో వీటిని ఇలా చేయవచ్చు.

రోజుకొక క్రమం ఉంచండి. లేవడం, స్నానం, భోజనం, నడక, ప్రార్థన, నిద్ర ప్రతి రోజూ ఒకే వేళకు జరిగితే రోగి భయం తగ్గుతుంది.

ఉదయపు వెలుగులో నడిపించండి. అరగంట నడవలేకపోతే పది నిమిషాలు మూడుసార్లు. తోడు ఒకరు ఉండాలి.

చేతికి పని ఇవ్వండి. చిక్కుడుకాయలు తుంచడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, పూలు కట్టడం, బట్టలు మడతపెట్టడం, మొక్కలకు నీళ్ళు పోయడం. సరిగా రాకపోయినా తప్పు పట్టవద్దు. "నేను పనికివస్తాను" అన్న భావమే ఇక్కడ మందు.

పరీక్షలు పెట్టవద్దు. "నేనెవరో చెప్పు తాతయ్యా?" అని పిల్లలు, చుట్టాలు అడుగుతుంటారు. చెప్పలేకపోతే ఆయన మనసు చిన్నబుచ్చుకొంటుంది. "తాతయ్యా, నేను మీ మనుమణ్ణి, హైదరాబాదు నుండి వచ్చాను" అని మనమే చెప్పాలి.

ఏడుస్తుంటే వాదించవద్దు. "ఏడవడానికి ఇప్పుడేమయింది?" అనవద్దు. పక్కన కూర్చొని చెయ్యి పట్టుకోండి. కాసేపటికి మాట మళ్ళించండి.

కళ్ళజోడు, చెవి మిషను, పళ్ళ సెట్టు సరిగా ఉన్నాయేమో చూడండి. కనబడక, వినబడక ఒంటరితనం పెరుగుతుంది. మలబద్ధకం, కీళ్ళనొప్పులు నోటితో చెప్పలేరు, మనమే కనిపెట్టాలి.

చూసుకొనేవారికి విశ్రాంతి ఇవ్వండి. భారమంతా ఒక్క కోడలిమీదో, ఒక్క కూతురిమీదో వేయడం న్యాయం కాదు. వారానికి ఒక పూటైనా మిగతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు వచ్చి కూర్చోవాలి. దూరదేశంలో ఉన్నవారు డబ్బు పంపడంతోపాటు, రోజూ ఒకే వేళకు ఫోన్ చేసి మాట్లాడడం కూడా సేవే.

సంఘము చేయగలిగినది

"వెళ్ళి చూసినా ఆయనకు గుర్తుండదు కదా" అని చాలామంది చూడడమే మానేస్తారు. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు అల్జీమర్స్ రోగులకు కొన్ని సంతోషకరమైన, కొన్ని విషాదకరమైన సినిమా ముక్కలు చూపించారు. కొద్ది నిమిషాలకే వారు చూసినదానిని దాదాపు మరచిపోయారు. కాని ఆ సంతోషం, ఆ దుఃఖం మనసులో అలాగే నిలిచి ఉన్నాయి. మీరు వెళ్ళి వచ్చిన సంగతి ఆయన మరచిపోవచ్చు. మీరు ఇచ్చిన ఆదరణ మాత్రం మీరు గడప దాటిన తరువాత కూడా ఆయనలో ఉంటుంది. కసురుకొన్న మాట కూడా అలాగే ఉంటుంది.

కాబట్టి గుడికి రాలేని పెద్దవారి ఇళ్ళకు ఇద్దరు ముగ్గురు మాత్రమే వెళ్ళండి. గుంపుగా వెళ్ళి బిగ్గరగా మాట్లాడితే భయపడతారు. చిన్ననాటి నుండి పాడుకొన్న కీర్తన ఒకటి నెమ్మదిగా అందుకోండి. మాటలు మరచినవారు సైతం ఒక్కోసారి పాటలో గొంతు కలుపుతారు. చిన్న ప్రార్థన చేయండి. పావుగంట చాలు.

దిగులును అవిశ్వాసమని ఎవరైనా అంటే ఏలీయా ప్రవక్తను గుర్తు చేయండి. అంతటి ప్రవక్త బదరీవృక్షము క్రింద కూర్చొని చావు కోరుకొన్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు, దూతచేత రొట్టె, నీళ్ళు పెట్టించాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. తరువాతనే మాట్లాడాడు. దిగులులో ఉన్నవారిపట్ల మనము నేర్చుకోవలసిన వరుస ఇదే.

మీ ప్రశ్నలు – మా జవాబులు

దిగులు తెలుసుకోవడానికి పెట్ స్కాన్ చేయించాలా?

అవసరం లేదు. పైన చెప్పిన స్కాన్ ఫలితాలు గుంపులను పోల్చి చూసినప్పుడు తెలిసినవి. ఒక్క మనిషి స్కాన్ చూసి ఆయనకు దిగులు ఉన్నదని ఎవరూ చెప్పలేరు. వైద్యుని పరీక్ష, మీ మాటలు, కొన్ని రక్త పరీక్షలు చాలు. మతిమరుపు కారణం తెలుసుకోవడానికి ఒకసారి సి.టి. గాని, ఎం.ఆర్.ఐ. గాని తీయించమంటే తీయించండి. దిగులు కోసం అప్పు చేసి పెద్ద స్కాన్‌లకు పరుగెత్తవద్దు.

దిగులు తగ్గితే మతిమరుపు పోతుందా?

అల్జీమర్స్ వలన పోయిన జ్ఞాపకం తిరిగి రాదు. కాని దిగులువల్ల అదనంగా తగ్గిన శ్రద్ధ, చురుకుదనం కొంత తిరిగి రావచ్చు. భోజనం, నిద్ర, మాట కలపడం మెరుగైతే ఇంటిల్లిపాదికీ ఉపశమనం.

జబ్బు ముదిరేకొద్దీ దిగులు ఇంకా పెరుగుతుందా?

అందరికీ పెరగదు. కొందరిలో కొన్ని నెలలకు తగ్గుతుంది, కొందరికి మళ్ళీ వస్తుంది. అందుకే మూడు నెలలకొకసారైనా చూపించుకోవాలి.

ఎక్కడ చూపించాలి?

మానసిక వైద్యునికి గాని, నరాల వైద్యునికి గాని చూపించవచ్చు. జిల్లా ప్రభుత్వ ఆస్పత్రులలో మానసిక వైద్య విభాగాలున్నాయి. విశాఖపట్నంలోను, హైదరాబాదు ఎర్రగడ్డలోను ప్రభుత్వ మానసిక వైద్యాలయాలు ఉన్నాయి. పెద్దవారి ఇతర అవసరాలకు 14567 ఎల్డర్ లైన్ నంబరు ఉంది.

గుర్తుంచుకోండి

మతిమరుపు ఉన్న మనిషికి కూడా మనసు ఉంది, దానికి బాధ ఉంది. నోటితో చెప్పలేని ఆ బాధను ముఖంలో, కంచంలో, పడకలో చూడండి. మీ ఇంట్లోనో, పొరుగింట్లోనో అటువంటి పెద్దవారు ఉంటే ఈ వారమే ఒకసారి పక్కన కూర్చోండి. పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే వైద్యునివద్దకు తీసుకురండి.

ప్రభువు మీ ఇంటి పెద్దలను, వారిని చూసుకొనే చేతులను దీవించును గాక.